చలికాలంలో చేతిలో ఎన్ని అల్లికలు ఉండాలి? ఒకటా, రెండా, మూడా?

చలి మొదలైందంటే ఊలు అల్లేవాళ్లకు చెయ్యి ఊరుకోదు. స్వెట్టర్ సగంలో ఉండగానే టోపీకి కుట్లు ఎక్కిస్తారు. టోపీ అంచు దాటకముందే కొత్త రంగు ఊలు కంటపడి సాక్సులు మొదలవుతాయి. నెల తిరిగేసరికి ఇంట్లో ఉన్న సూదులన్నీ ఏదో ఒక అల్లికలో ఇరుక్కుని ఉంటాయి, వేసుకోవడానికి మాత్రం ఒక్కటీ తయారై ఉండదు. దీనికి విరుగుడుగా ఒకటి పూర్తయితే గానీ ఇంకొకటి ముట్టుకోనని ఒట్టు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది స్వెట్టర్ రెండో చేతి దగ్గర విసుగొచ్చి అల్లడమే మానేస్తారు.

అసలు చూసుకోవాల్సింది అల్లికల లెక్క కాదు. రెండో అల్లిక మొదటిదాని సమయాన్ని తినేస్తోందా, లేక ఊరికే పోయే వేరే సమయాన్ని వాడుకుంటోందా? దీనికి జవాబు దొరికితే ఎన్ని పెట్టుకోవాలో దానంతటదే తేలిపోతుంది.

## ముందు గంటల లెక్క

పెద్దవాళ్ల స్వెట్టర్ ఒకటి తీసుకుందాం. ఊలు మరీ సన్నం కాదు, మరీ లావు కాదు, డీకే రకం. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరసలు వస్తున్నాయి. ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లయితే ఒక్క చుట్టుకు 220 కుట్లు. చంక నుంచి కింది అంచు దాకా 40 సెంటీమీటర్లంటే 120 చుట్లు. అంటే ఒంటి భాగానికే 26,400 కుట్లు. రెండు చేతులు, భుజాల భాగం కలిపితే మొత్తం దాదాపు 60,000 అవుతుంది.

నిమిషానికి 25 కుట్ల చొప్పున వేస్తే ఇది 40 గంటల పని. రోజూ రాత్రి ఒక గంట కూర్చుంటే 40 రోజులు. అదే గంటలో సగం ఇంకో అల్లికకు ఇచ్చారంటే 80 రోజులు. అప్పటికి చలి ఉంటుందా అన్నది మీరే చూసుకోండి. అదే రెండో అల్లికను బస్సులోనో, డాక్టరు దగ్గర వెయిటింగ్‌లోనో, పిల్లల ఆటల క్లాసు బయట కూర్చునేటప్పుడో అల్లితే స్వెట్టర్‌కు ఒక్క రోజు కూడా ఆలస్యం కాదు.

మిగతా వాటి లెక్క కూడా ఒకసారి చూడండి. ఇవి ఉజ్జాయింపులు. మీ చేతివేగం, ఊలు, సైజు మారితే అంకెలూ మారతాయి.

| అల్లిక | సుమారు కుట్లు | నిమిషానికి 25 చొప్పున | పెట్టాల్సిన ధ్యాస | వెంట తీసుకెళ్లడం |
|---|---|---|---|---|
| టోపీ (మధ్యరకం ఊలు) | 5,000 | మూడున్నర గంటలు | తక్కువ, పైభాగంలో కాస్త ఎక్కువ | సులువు |
| గార్టర్ మఫ్లర్ (ప్రతి వరసలోనూ అదే మామూలు కుట్టు; 20 × 150 సెం.మీ.) | 19,000 | 13 గంటలు | దాదాపు అక్కర్లేదు | మొదట్లో సులువు, తర్వాత బరువు |
| సాక్సుల జత | 20,000 | 13 గంటలు | మడమ దగ్గర మాత్రం ఎక్కువ | అన్నిటికన్నా సులువు |
| లావు ఊలు స్వెట్టర్ | 21,000 | 14 గంటలు | మధ్యస్థం | కష్టం |
| డీకే ఊలు స్వెట్టర్ | 60,000 | 40 గంటలు | మెడ, భుజాల దగ్గర ఎక్కువ | కష్టం |
| లేసు శాలువా | డిజైన్‌ను బట్టి | డిజైన్‌ను బట్టి | పూర్తిగా | సైజుకు సులువే, ధ్యాసకు కష్టం |

మఫ్లర్ గడి చూసి ఆశ్చర్యపోయారా? చిన్న పనే కదా, మధ్యలో ఇది కూడా కానిచ్చేద్దాం అనుకుని అందరూ మొదలుపెట్టేది ఇదే. చూస్తే సాక్సుల జతకు పట్టినంత సమయమూ దీనికీ పడుతుంది. గార్టర్ అల్లికలో వరసలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుని ఉంటాయి కాబట్టి అదే పొడవు రావడానికి ఎక్కువ వరసలు కావాలి. త్వరగా ఒకటి పూర్తయిందన్న తృప్తి కావాలంటే టోపీ పెట్టుకోండి, మఫ్లర్ కాదు. లావు ఊలు స్వెట్టర్ కూడా చూడండి. లావు సూదులతో చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది, అయినా డీకే స్వెట్టర్‌తో పోలిస్తే సగం సమయం కూడా పట్టదు. చలికాలం సగం గడిచాక స్వెట్టర్ మొదలుపెట్టేవాళ్లకు ఇదొక్కటే దారి.

## సమయం కాక చూసుకోవాల్సినవి

ధ్యాస. కళ్లు టీవీ మీద పెట్టి అల్లగలిగేది వేరు, వరసకోసారి చార్ట్ (డిజైన్ గళ్ల పటం) చూసి అల్లాల్సింది వేరు. రోజంతా ఆఫీసు పని చేసి వచ్చి రాత్రి పదింటికి లేసు ముందేసుకుంటే అల్లేది ఎంతో విప్పేదీ అంతే అవుతుంది. మీ రోజులో మెదడు చురుగ్గా ఉండే ఖాళీ సమయం అసలు ఉందా లేదా చూసుకోండి. లేకపోతే కష్టమైన అల్లికకు మీ దగ్గర చోటు లేదన్నట్టే, ఎన్ని పెట్టుకున్నా సరే.

మళ్లీ అందుకోవడానికి పట్టే సమయం. ఎక్కువమంది లెక్కలో వేసుకోనిది ఇదే. వదిలేసిన అల్లికను మళ్లీ చేతిలోకి తీసుకుంటే వెంటనే సాగిపోదు. గార్టర్ మఫ్లర్‌ను ఎప్పుడు తీసుకున్నా నిమిషంలో అందుకోవచ్చు. లేసు శాలువాను మూడు వారాల తర్వాత తీసుకున్నారనుకోండి. చార్ట్‌లో ఎన్నో వరసలో ఆగారో రాసి ఉండదు. సూది మీది కుట్లను వెలుతురుకు పెట్టి, కింది వరసలో దారం చుట్టిన చిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, వాటిని చార్ట్‌లో గుర్తులతో పోల్చుకుని, ఈ వరసే అని నమ్మకం కలిగేసరికి అరగంట ఎగిరిపోతుంది. ఒక్కోసారి ఆ నమ్మకమూ తప్పవుతుంది. చేతిలో అల్లికలు పెరిగేకొద్దీ ఒక్కోదాని దగ్గరికి తిరిగొచ్చే ఎడం పెరుగుతుంది, దాంతో ఈ వృథా కూడా పెరుగుతుంది.

బిగువు. ఒకే మనిషి, అదే సూది, అదే ఊలు. అయినా మధ్యలో నెలలు గడిస్తే కుట్టు బిగువు మారుతుంది. టెన్షన్‌లో ఉన్న రోజుల్లో అల్లింది బిగుసుకుంటుంది, తీరిగ్గా కూర్చుని అల్లింది వదులవుతుంది. మఫ్లర్‌లో ఇది తెలియదు. స్వెట్టర్‌లో ముందు భాగం ఒక సైజు, వెనక భాగం ఒక సైజు అయి కూర్చుంటుంది. సూది చెక్కదా లోహానిదా అన్నదానికీ తేడా వస్తుంది కాబట్టి ఒక వస్త్రం మొదటినుంచి చివరిదాకా ఒకే సూదితో సాగాలి.

సూదులు. రెండు అల్లికలకూ 4 మిల్లీమీటర్ల సూదే కావాలంటే ఒకదాంట్లోంచి లాగి ఇంకోదాంట్లో పెట్టే పని మొదలవుతుంది. లాగేసిన రోజే ఆ అల్లిక అటకెక్కినట్టు. మొనలు విప్పుకునే రకం సర్క్యులర్ సూదులుంటే (రెండు మొనలనూ ఒక తీగ కలిపి ఉంచేవి) ఈ బాధ లేదు. మొనలు విప్పి తీగ రెండు చివర్లకూ మూతలు బిగిస్తే కుట్లు తీగ మీదే ఉండిపోతాయి, మొనలు వేరే పనికి వాడుకోవచ్చు. కాకపోతే ఆ మొనల సైజు ఒక చీటీ మీద రాసి తీగకు కట్టండి. 3.75 పెట్టానా 4 పెట్టానా అన్నది నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

చేతులు, వెలుతురు. గంటల తరబడి ఒకే సైజు సూది పట్టుకుంటే ఒకే కండరాలు అలిసిపోతాయి. సన్న సూది, మధ్యరకం సూది మార్చి మార్చి పడితే కాస్త ఊరట ఉంటుంది. చలికాలంలో పొద్దు త్వరగా గూకుతుంది కదా, నలుపు, ముదురు నీలం ఊలుతో లేసు అల్లాలనుకునేవాళ్లు దాన్ని సెలవు రోజు పగటికి ఉంచుకోవాలి. రాత్రికి లేత రంగులే మేలు.

## ఒక్కటే పెట్టుకోవడం

తొందరగా పూర్తికావడంలో దీన్ని మించింది లేదు. ఉన్న గంటలన్నీ ఒకదానికే పోతాయి, బిగువు మారదు, ఎక్కడ ఆగామో గుర్తుంటుంది, సూదులు ఒక్క జత చాలు. ఫలానా రోజుకు బహుమతిగా ఇవ్వాలన్న గడువుంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఒక్కటీ పెద్ద స్వెట్టర్ అయితే బయటికి తీసుకెళ్లలేరు. దారిలో దొరికే అరగంటలన్నీ వట్టిపోతాయి. పైగా 220 కుట్ల చుట్టు నిట్ (మామూలు కుట్టు) తప్ప ఇంకేమీ లేకుండా పన్నెండు అంగుళాలు సాగుతుంటే విసుగు రాని మనిషి ఉండరు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఆ విసుగు మంచిదే. చేతికి లయ కుదిరేది సరిగ్గా అక్కడే.

## ఒక్కటే, కానీ ముక్కలుగా

ఈ పద్ధతిని ఎందుకో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్వెట్టర్‌ను పైనుంచి కిందికి ఒకే ముక్కగా కాకుండా ముందు, వెనక, రెండు చేతులు విడివిడిగా అల్లి చివర్లో కలిపే డిజైన్ తీసుకోండి. ఒంటి భాగం ఇంట్లో కుర్చీ పక్కన ఉంటుంది, చెయ్యి ముక్క సంచిలో మీతో వస్తుంది. అల్లేది ఒకే వస్త్రం, వాడుకునేది రెండు రకాల సమయం. నాలుగు పలకలు, ఆరు పలకలు కలిపే దుప్పటికీ ఇదే వర్తిస్తుంది.

దీనికి ఒకే సైజు సూదులు రెండు జతలు కావాలి, రెండూ ఒకే రకానివి అయ్యుండాలి. బస్సులో అల్లిన బిగువు, ఇంట్లో అల్లిన బిగువు ఒకటేనా అని ముక్క పది సెంటీమీటర్లు పెరగగానే కొలవండి. తేడా వస్తుంటే రెండు చేతులనూ బయటే అల్లండి, ఒంటి భాగం మొత్తాన్ని ఇంట్లోనే అల్లండి. చేతుల మధ్య తేడా కనబడిపోతుంది, చేతికీ ఒంటికీ మధ్య కొద్దిపాటి తేడా ఎవరూ గమనించరు. చివర్లో ముక్కలు కలిపి కుట్టడం ఇష్టం లేనివాళ్లకు ఇది సరిపడదు, అది ఒప్పుకోవాల్సిందే.

## రెండు: ఒక పెద్దది, ఒక చిన్నది

ఇంటి పనులు, ఉద్యోగం, ప్రయాణం అన్నీ ఉన్న మామూలు మనిషికి నా ఓటు దీనికే. అయితే రెండూ ఒకదానికొకటి పోటీ రాకూడదు. స్వెట్టర్, దానితో పాటు దుప్పటి అంటే రెండూ రాత్రి కుర్చీలోనే అల్లాలి, రెండూ ఒడి నిండా ఉంటాయి. ఏదో ఒకటి ఓడిపోతుంది, సాధారణంగా దుప్పటే. ఒడిలో పరుచుకున్న స్వెట్టర్ అల్లుతుండగానే వెచ్చగా ఉంటుందన్నది వేరే సంగతి.

బాగా కుదిరే జంట స్వెట్టర్, సాక్సులు. ఒకటి 4 మిల్లీమీటర్ల సూది, ఇంకొకటి 2.25 నుంచి 2.75 మధ్య. సూదులు తగువు పడవు. సాక్సుల ఊలు ఉండ ఒకటి 100 గ్రాములు, అందులో 400 మీటర్ల దాకా దారం ఉంటుంది కాబట్టి జత మొత్తం చిన్న సంచిలో ఇమిడిపోతుంది. కాలి గొట్టం, పాదం భాగాలు గుండ్రంగా అలా తిరుగుతూనే ఉంటాయి, చూడకుండా అల్లేయొచ్చు. ఒక్క మడమ దగ్గరే జాగ్రత్త. మడమ తిప్పేటప్పుడు వరస మధ్యలో వెనక్కి మళ్లి, ప్రతిసారీ ఒక కుట్టు ఎక్కువ కలుపుకుంటూ పోవాలి. అక్కడ బస్సు స్టాపు వచ్చి దిగాల్సి వస్తే మళ్లీ ఎక్కడ మళ్లాలో అర్థం కాదు. మడమ ముందు వరకు బయట అల్లి, మడమ ఒక్కటి ఇంట్లో తిప్పుకుని, మళ్లీ పాదం బయట సాగించండి.

సాక్సుల్లో ఇంకో చిక్కుంది. మొదటిది పూర్తవగానే ఉత్సాహం చల్లారిపోయి రెండోది మొదలవదు. పొడవు తీగ సర్క్యులర్ సూది మీద రెండు సాక్సులూ పక్కపక్కనే ఒకేసారి అల్లితే ఈ గొడవ తప్పుతుంది. కానీ రెండు ఊలు ఉండలు మెలిబడతాయి కాబట్టి ప్రయాణంలో చిరాకు. ప్రయాణానికి ఒక్కోటి, ఇంట్లో అయితే రెండూ కలిపి.

లేసు శాలువాకు జంటగా గార్టర్ మఫ్లర్ బాగుంటుంది. ఒకటి మెదడు పనిచేసేటప్పుడు, ఇంకొకటి పనిచేయనప్పుడు. లేసుతో జడల డిజైన్ స్వెట్టర్ మాత్రం వద్దు. రెండూ చార్టులే, రెండూ పగలే కావాలి.

## మూడు పెట్టుకుంటే

మూడోదానికి ఒక ప్రత్యేకమైన పని ఉంటేనే దాన్ని చేర్చాలి. ఇంట్లో పెద్దది, సంచిలో చిన్నది ఉన్నాక కూడా వారాంతంలో రెండు మూడు గంటలు నిశ్శబ్దంగా దొరుకుతాయా? అక్కడ లేసో, రంగుల డిజైనో, ఏదైనా కొత్తగా నేర్చుకునే అల్లికో పెట్టుకోవచ్చు. అలాంటి గంటలు లేకపోతే మూడోది పెద్దదాని గంటలనే లాక్కుంటుంది.

చెయ్యి నొప్పి పెట్టేవాళ్లకు మూడు పనికొస్తుంది. సన్న సూది, మధ్యరకం, లావు సూది ఇలా మూడు రకాలుంటే అలిసిన పట్టును మార్చుకోవచ్చు. అందులో ఏదీ నూలు దారం కాకుండా చూసుకోండి. నూలుకు ఊలులా సాగే గుణం ఉండదు, ప్రతి కుట్టుకూ వేళ్ల మీద బరువు పడుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, నొప్పి రాత్రి నిద్రలో లేపుతున్నా అల్లికలు మార్చడం వైద్యం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

## నాలుగూ, ఆ పైన

దీన్ని తిట్టడం తేలిక. నిజానికి కొందరికి మొదలుపెట్టడంలోనే ఆనందం ఉంటుంది. కొత్త ఊలు, కొత్త డిజైన్, మొదటి పది వరసలు. పూర్తయిన వస్త్రం వాళ్లకు పెద్ద విషయం కాదు. గడువులు లేకుండా, ఎవరికీ మాటివ్వకుండా ఉన్నంతవరకు ఇందులో తప్పేమీ లేదు. చలికి వేసుకోవడానికి ఏదైనా కావాలనుకునేవాళ్లు మాత్రం ఇటు రాకండి. ఊలులో డబ్బు ఇరుక్కుంటుంది, సూదులు ఇరుక్కుంటాయి. ఒక అల్లికలో దారం తగ్గి అదే రంగు మళ్లీ తెచ్చుకుందామంటే ఆ డై లాట్ (ఒకే విడతలో రంగు వేసిన ఊలు) దొరక్కపోవచ్చు, కొత్త ఉండ కలిపిన చోట రంగు తేడా గీతలా కనబడుతుంది.

| | గడువుకు పూర్తికావడం | విసుగు | బయటి సమయం వాడుకోవడం | సూదుల అవసరం | మళ్లీ అందుకునే వృథా |
|---|---|---|---|---|---|
| ఒక్కటే | చాలా మంచిది | ఎక్కువ | చిన్నదైతేనే | ఒక జత | లేదు |
| ఒక్కటే, ముక్కలుగా | మంచిది | మధ్యస్థం | బాగా | ఒకే సైజు రెండు జతలు | తక్కువ |
| రెండు | పోటీ లేకుంటే మంచిది | తక్కువ | బాగా | వేర్వేరు సైజులు | తక్కువ |
| మూడు | ఫర్వాలేదు | తక్కువ | బాగా | మూడు సైజులు | కష్టమైనదానికి ఎక్కువ |
| నాలుగు, ఆ పైన | నమ్మలేం | లేదు | చెప్పలేం | ఎన్నున్నా చాలవు | చాలా ఎక్కువ |

## మీరు ఏ రకం?

కొత్తగా నేర్చుకుంటున్నారా, మొదటి టోపీ పూర్తయ్యేదాకా ఒక్కటే. దాని తర్వాత రెండు.

ఇంటిల్లిపాదికీ బహుమతులు అల్లాలనుకున్నవాళ్లు పై పట్టికలో గంటలు కూడి చూసుకోవాలి. నాలుగు టోపీలు 14 గంటలు, నాలుగు జతల సాక్సులు 52 గంటలు. ఒకేసారి నాలుగు టోపీలూ మొదలుపెట్టకండి. ఒకదాని తర్వాత ఒకటి అల్లితే గడువునాటికి కనీసం మూడు పూర్తయి చేతిలో ఉంటాయి. నాలుగూ కలిపి అల్లితే నాలుగూ ముప్పావు దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది.

రోజూ ప్రయాణం చేసేవాళ్లకు సంచిలో అల్లిక తప్పనిసరి, ఇంట్లోది ఐచ్ఛికం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇంట్లో ఉండి చిన్నపిల్లలను చూసుకునేవాళ్లకు ఏ క్షణంలోనైనా కింద పడేసి లేవగలిగే అల్లికే కావాలి. గార్టర్, లేదా గుండ్రంగా సాగే నిట్. లేసు జోలికి ఈ చలికి పోవద్దు.

## పక్కన పెట్టేటప్పుడు

ఎన్ని పెట్టుకున్నా ఒక్కోదాన్ని కింద పెట్టే పద్ధతి సరిగ్గా ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది. వరస చివరికి వచ్చాకే ఆగండి. తప్పక మధ్యలో ఆగితే, కుడిచేతి వాటంగా అల్లేవాళ్లకు దారం వేలాడుతున్న వైపు కుట్లు కుడి సూది మీదివని గుర్తుంచుకోండి, ఎటు అల్లుతున్నారో తెలిసిపోతుంది. ఆ రోజు మొదలుపెట్టిన కుట్టుకు విప్పే మార్కర్ (గుర్తు కొక్కెం) ఒకటి తగిలిస్తే ఎంత సాగిందో కళ్లకు కనబడుతుంది. సంచిలో ఒక చీటీ ఉండాలి: సూది సైజు, ఎన్నో వరస, తర్వాత చేయాల్సింది. లేసులో పది వరసలకోసారి సన్న దారం ఒకటి కుట్లన్నిట్లోంచి దూర్చి ఉంచితే, తప్పు వచ్చినా అక్కడివరకే విప్పుకోవచ్చు.

నెలకు మించి ఆపుతారనిపిస్తే కుట్లను సూది మీద ఉంచకండి. పాత దారం మీదికి ఎక్కించి సూది తీసేయండి. సూది మీదే నెలల తరబడి ఉన్న వరసలో కుట్లు సాగి గీతలా కనబడతాయి. ఊలు అయితే ఉతికితే చాలావరకు సర్దుకుంటుంది, అయినా ఎందుకు ఆ తంటా. మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టండి, ఊలును తినేది చిమ్మట పురుగు పిల్లలే.

చలికాలం సగానికి వచ్చినప్పుడు అన్నిటినీ బయటికి తీసి ఒక్కోదానికి మిగిలిన గంటలు లెక్కేయండి. ఈ చలిలోనే వేసుకోగలిగేది ఏదో దానికి రాత్రి గంట మొత్తం ఇచ్చేయండి. డిజైన్ మీదే మనసు విరిగిపోయిందనిపించేది ఉంటే ఇప్పుడే విప్పేయండి. విప్పిన ఊలును లచ్చిగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, ఆరబెడితే మెలికలు పోయి మళ్లీ అల్లడానికి పనికొస్తుంది. దాన్ని ఉండ చుట్టి పక్కన పెట్టుకోండి, కుట్లు మాత్రం స్వెట్టర్ సూది దిగాకే ఎక్కించండి.